వరంగల్ భద్రకాళి చెరువు గట్టు: నిర్మాణ ఆంక్షలు ఎత్తేయాలా, ఉంచాలా?

ఎత్తేస్తే ఫుడ్‌కోర్టులు, పార్కింగు, కొందరికి ఉపాధి వస్తాయి. కాదనను. కానీ కాంక్రీటులో వాన నీరు ఇంకదు. 2020 ఆగస్టు వరదల్లో వరంగల్ కాలనీల్లో పడవలు తిరిగాయి. 2023 జూలైలో పోతననగర్ వైపు ఈ చెరువు కట్టకే గండి పడింది. ఇంకా ఏం చూడాలి?

ఉంచితే రాబడి తక్కువే, ఒప్పుకుందాం. పొద్దున్నే నడిచేవాళ్లకు చెట్ల నీడ, గుర్రపుడెక్క మధ్య నీటికోళ్లు, అన్నిటికంటే ముఖ్యంగా వరదకు చోటు మిగులుతాయి. హైదరాబాద్ జంట జలాశయాల కోసం 1996లో తెచ్చిన 111 జీవోలోని నిర్మాణ ఆంక్షలను తొలగిస్తూ 2022లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. రాజధానిలోనే అలా జరిగితే ఇక్కడ ‘కొంచెమే సడలిస్తాం’ అన్న మాటను నమ్మేదెలా?

దుకాణానికి మరో చోటు దొరుకుతుంది, చెరువుకు మరో శిఖం (నీరు నిలిచే నేల) దొరకదు. ముందు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) వెంట హద్దురాళ్లు పాతించండి, ఫుడ్‌కోర్టు సంగతి తర్వాత చూద్దాం.