పెట్టెల్లో దాచిన గ్రీకు దేవతలు: లండన్, హార్లెమ్, న్యూరెంబర్గ్

రెనసాన్స్ కాలం (15, 16 శతాబ్దాలు) ఎన్‌గ్రేవింగ్‌లు, అంటే రాగిరేకు మీద గీతలు చెక్కి కాగితం మీద అచ్చు వేసిన బొమ్మలు, చూద్దామని యూరప్ వెళ్లేవాళ్లు గ్యాలరీలన్నీ తిరిగినా దొరికేవి తక్కువే. వెలుతురుకి కాగితం పాడవుతుందని వాటిని పెట్టెల్లో దాచేస్తారు. అడిగి తీయించుకోవాలి.

దానికి లండన్ బ్రిటిష్ మ్యూజియం స్టడీ రూమే నా మొదటి ఓటు. పైసా తీసుకోరు. కాకపోతే ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని, కావాల్సిన బొమ్మల నంబర్లు పంపాలి. బ్యాగు బయటే, రాసుకోవడానికి పెన్సిలే.

నేను అడిగినవాటిలో డచ్ కళాకారుడు హెండ్రిక్ గోల్ట్‌జియస్ 1592 ప్రాంతంలో చెక్కిన 'ఫార్నీజ్ హెర్క్యులీస్' ఒకటి. రోమ్‌లో ఆ గ్రీకు వీరుడి విగ్రహాన్ని చూసొచ్చి, అతన్ని వీపు వైపు నుంచి చూపించాడు. వెనక్కి పెట్టుకున్న చేతిలో పళ్లు, కింద మూలన తలెత్తి చూస్తున్న ఇద్దరు మనుషులు. భూతద్దం పెట్టి చూస్తే అంతా గీతే. నీడలోకి పోయేకొద్దీ లావెక్కుతుంది, వెలుగు దగ్గర వెంట్రుకలా సన్నబడి మాయమవుతుంది. రాగిరేకు మీద చెయ్యి కాస్త తడబడినా ఆ కండలు నిలిచేవి కావు. తర్వాత ఇటలీ చిత్రకారుడు మాంటేన్యా 'సముద్ర దేవతల యుద్ధం' తెప్పించుకున్నా. రెండు కాగితాల బొమ్మ. ఒకవైపు దేవతలు చేపలు పట్టుకుని బాదుకుంటుంటే, ఇంకోవైపు ఎముకలు తేలిన 'అసూయ' అనే ముసలమ్మ. మన వీధి కొళాయి తగాదాలు నయం!

నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ గోల్ట్‌జియస్ ఊరు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైల్లో పావుగంట దూరం కాబట్టి బస ఇక్కడే మేలు. మాకు దొరికిన గది శుభ్రంగానే ఉంది కానీ మెట్లు మరీ నిటారు, పెద్ద సూట్‌కేసుతో నరకం. శాకాహారులకి సురినామ్ వాళ్ల రోటీ హోటళ్లు దిక్కు. 1784లో తెరిచిన టైలర్స్ మ్యూజియంలో గోల్ట్‌జియస్ తన కుడిచేతిని తనే గీసుకున్న 1588 నాటి బొమ్మ ఉంది. చిన్నప్పుడు నిప్పుల్లో కాలి వంకరపోయిన చెయ్యి అది. ఆ చేత్తోనే ఆ గీతలన్నీ! అయితే బొమ్మ ఎప్పుడూ బయట ఉండదు, కనుక్కుని టికెట్ కొనండి.

జర్మనీలోని న్యూరెంబర్గ్‌కి ఒక పూట చాలు. అక్కడి చిత్రకారుడు డ్యూరర్ 1509 నుంచి 1528లో పోయేదాకా ఉన్న ఇల్లు బాగుంది. ఆయన భార్య ఆగ్నెస్ వేషంలో ఒకావిడ ఇల్లంతా తిప్పి చూపించే టూరు ఉంది. పిల్లలుంటే అది తీసుకోండి. వర్క్‌షాపులో అచ్చు వేసి చూపిస్తారు, అదీ సరదాగానే ఉంటుంది. అసలు బొమ్మల కోసం మాత్రం ఇంతదూరం రానక్కర్లేదు. ఆ 'సముద్ర దేవతల యుద్ధం'లో సగభాగానికి 1494లో డ్యూరర్ గీసుకున్న నకలు కూడా వియన్నాలోని అల్బర్టినా మ్యూజియంలోనే ఉంది.