మా మారుతి 800ని తుక్కుకిచ్చాం, చేతికొచ్చింది 9,640... ఆ సైలెన్సర్ డబ్బా గురించే నా కడుపుమంట

బండి ఎలా ఉంటుంది, మైలేజీ ఎంత, ఇవన్నీ నేను రాయను, 800 తెలీనోళ్ళు ఎవరున్నారు. 2005లో నాన్న రిటైరైన డబ్బుల్తో కొన్నాం, ఓఆర్ 20 నంబరు, ఒడిశా పర్లాకిమిడిలో మా వీధిలో రెండో కారు అది. ఇరవై ఏళ్ళు తిరిగింది, పాతపట్నం శ్రీకాకుళం అరసవిల్లి ఇటు బరంపురం గోపాల్‌పూర్, పెళ్ళిళ్ళు పురుళ్ళు ఆస్పత్రులు అన్నీ దాన్లోనే. పొగడాలంటే చాలా ఉంది గానీ ఇప్పుడు దాని పని కాదు.

ఎందుకిచ్చేశామంటే రిజిస్ట్రేషన్ రెన్యువల్. 2020లో పదిహేనేళ్ళు నిండినప్పుడు 600 కట్టి ఇంకో ఐదేళ్ళు చేయించాం. 2022 ఏప్రిల్ నుంచి దాన్ని 5,000 చేశారు కదా, మొన్న 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేసేశారు. మాది జూన్‌లోనే అయిపోయింది, ఇదిగో అదిగో అంటూ నేనే నాన్చాను. లేటైతే నెలకి 500 చొప్పున అదనం. పైగా కింద ఫ్లోరు తుప్పు పట్టి వెనక సీటు దగ్గర కాలు పెడితే రోడ్డు కనపడతాది, దాని వెల్డింగుకే పద్దెనిమిది వేలు చెప్పారు. ఇన్ని పెట్టి నిలబెడితే ఆ బండి ఖరీదెంతండీ, పాతిక వేలకి కూడా ఎవడూ అడగడు.

సరే ఎంతొస్తుందా అని లెక్కేశాను. పాత బండ్లని తుక్కు చేయించే స్క్రాపేజ్ పాలసీ కేంద్రం పెట్టినప్పుడు కొత్త బండి ఎక్స్-షోరూమ్ ధరలో 4 నుంచి 6 శాతం స్క్రాప్ విలువ వస్తుందని చెప్పారు. 800 ఇప్పుడు కొత్తది లేదు కాబట్టి ఆల్టో కే10 పట్టుకున్నా, జీఎస్టీ తగ్గాక మొదటి మోడల్ 3.70 లక్షలు, అంటే 14,800 నుంచి 22,200 మధ్యలో. నేను 18 వేలు అనుకున్నా. నాన్న 20 వేలకి తక్కువైతే ఇవ్వొద్దన్నాడు. ఆ శాతాలు మీరు పట్టించుకోకండి, అవి పేపర్లో బాగుంటాయి. తుక్కు సెంటర్లో జరిగేదల్లా కేజీల లెక్క, అంతే.

మా ఊళ్ళో పాత ఇనప సామాన్ల కొట్టతను ఇంటికొచ్చి చుట్టూ తిరిగి 17,000 క్యాష్ అన్నాడు. నిజం చెప్తున్నా, చెయ్యి చాపేసేవాణ్ణే. కానీ ఆర్‌సీ క్యాన్సిల్ సంగతేటి అంటే "అది మీరే చూసుకోవాలి బాబూ" అన్నాడు. బండి తుక్కైపోతే పద్నాలుగు రోజుల్లో ఆర్టీవోకి చెప్పాలని చట్టంలో ఉంది, 55వ సెక్షన్, మనం చెప్పకపోతే ఆ బండి కాగితాల మీద బతికే ఉంటుంది, రేపు ఆ నంబరు ప్లేటు ఎవడి బండికి ఎక్కుతుందో ఎవడికి తెలుసు. మా పెదనాన్న కొడుకు స్కూటర్ ఇలాగే ఇచ్చేసి రెండేళ్ళ తర్వాత చలానా అందుకున్నాడు. ఆర్‌సీ నాన్న పేరు మీద, ఆయనకి 78, ఈ వయసులో ఆయన్ని ఆఫీసుల చుట్టూ తిప్పడం ఎందుకని భువనేశ్వర్ వైపున్న ఒక రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటర్‌కి ఫోన్ చేశా.

వాళ్ళు ఫోన్లో చెప్పిన రేటు కేజీకి 22. ఆర్‌సీలో బరువు 665, అంటే 14,630. సరే అన్నా. కానీ ఇటువైపు నాలుగైదు బండ్లు కలిస్తేనే లోడు వస్తుందట, మూడు వారాలు ఆగాను. ఈలోగా తెలివి ఎక్కువై కొత్త బ్యాటరీ తీసి పాతది పెట్టా, స్టెప్నీ తీశా, మ్యూజిక్ సెట్టు పీకా, ట్యాంకులో పెట్రోలు పైపేసి లాగేశా. ప్రతి ఒక్కటీ కాటా మీద కేజీలే అని అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

ఇక అసలు సంగతి. సంక్రాంతికి ముందు లారీ వచ్చింది, ఇద్దరు కుర్రాళ్ళు, ఒడియా వాళ్ళు. ఇంజన్ చూశారు, గేర్ బాక్స్ చూశారు, చాసిస్ నంబరు ఫోటో తీశారు, అంతా ఓకే. ఆ తర్వాత ఒకడు గోనెసంచి పరిచి బండి కిందకి దూరాడు, ఫోన్ లైటు వేసి పానాతో సైలెన్సర్ గొట్టం మధ్యలో ఉన్న డబ్బాని రెండుసార్లు కొట్టాడు. టంగ్ టంగ్ అని గుళ్ళో గంటలా మోగింది. "ఖాలి అచ్ఛి" అన్నాడు కింద నుంచే. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న నాన్న "ఏటంతన్నాడ్రా" అన్నాడు. ఖాళీగా ఉందంట నాన్నా అన్నాను, నాకూ అర్థం కాలా. ఆ కుర్రాడు బయటికొచ్చి చెయ్యి దులుపుకుని మెల్లిగా చెప్పాడు, అది పొగలో విషం తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్, లోపల తేనెపట్టులా బొక్కలున్న ఇటుక ఉంటుంది, దానికి ప్లాటినం పల్లాడియం రోడియం పూత ఉంటుంది, గ్రాముల్లోనే గానీ బండి మొత్తంలో కేజీ లెక్కన కొననిది అదొక్కటే, మీ దాన్లో లేదు, 2,500 కట్ అవుద్ది. ఇరుగు పొరుగు అందరూ చూస్తుండగా.

అప్పుడు గుర్తొచ్చింది 2014. చంద్రగిరి వైపు టిబెటన్ల గుడి చూద్దామని ఇంటిల్లిపాదీ బయల్దేరాం, ఘాట్ ఎక్కుతుంటే బండి గుంజుకోదు, ఫస్ట్ గేర్‌లో కూడా రొప్పుతోంది, ఆడవాళ్ళు దిగి నడిచారు. తర్వాత పాతపట్నంలో మా పాత మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తే "లోపల జామ్ అయిపోనాది" అని డబ్బా కోసి, అందులో ఉన్నది పీకేసి, ఖాళీ డబ్బా మళ్ళీ వెల్డింగ్ చేసి 300 తీసుకున్నాడు. బండి గుర్రంలా పోయింది! కొత్త కన్వర్టర్ వేయించమని ఎవరో అంటే నవ్వుకున్నా, 300లో అయ్యేదానికి వేలు పెట్టడమేటి అని. పదేళ్ళు ఆ మేస్త్రిని నేను పొగడని చోటు లేదు, కనీసం పదిమందిని పంపుంటాను ఆయన దగ్గరికి. (ఆ పదేళ్ళూ పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలా వచ్చేదో నన్ను అడగొద్దు.)

మర్నాడే వెళ్ళా. ఆ ఇటుక ఏం చేశావ్ మేస్త్రీ అని నవ్వుతూనే అడిగా. "అప్పట్లో దాని సంగతి ఎవుడికి తెల్సు బాబూ, తుక్కులో పడేసుంటాను" అని టీ చెప్పాడు. తాగి వచ్చేశా. ఇంజన్ పని విషయంలో ఆయన చెయ్యి మంచిదే, ఇప్పటికీ అదే అంటాను, కానీ మీరెవరైనా వెళ్తే తీసిన పాత సామాను మాత్రం సంచిలో వేసి ఇంటికి పట్టుకెళ్ళండి, పనికిరాదని చెప్పినా సరే.

నాలుగు రోజులకి కాటా చీటీ వాట్సాప్‌లో వచ్చింది, 620 కేజీలు. 45 కేజీలు ఎక్కడికి పోయాయి అంటే, కొంత నేను పీకిన స్టెప్నీ పెట్రోలు, మిగతాది మా ఫ్లోరు, అది ఏళ్ళ తరబడి రోడ్డు మీద రాలిపోయింది కదా. 620 ఇంటూ 22, 13,640. కన్వర్టర్‌కి 2,500 పోయింది. తీసుకెళ్ళడం ఫ్రీ అని ఫోన్లో అన్నారు, నేను కూడా ఫ్రీ పికప్ అని అందరికీ గొప్పగా చెప్పా, తీరా చూస్తే అది ఖుర్దా కటక్ చుట్టుపక్కలకేనట, మాకు 1,500. మిగిలింది 9,640, నాన్న ఖాతాలో పడింది. స్టెప్నీ, బ్యాటరీ, మ్యూజిక్ సెట్టు బయట అమ్మితే ఇంకో 3,200 వచ్చాయి. అది కలిపినా కొట్టతను చెప్పిన 17 వేలకి చాలా దూరం.

అలాగని సెంటర్ వాళ్ళు మోసం చేశారని అనను. డబ్బు చెప్పిన రోజుకి వేశారు, కాగితాలు సరిగ్గా ఇచ్చారు, ఆర్‌సీ క్యాన్సిల్ అయినట్టు ఆన్‌లైన్‌లో చూసుకున్నా. బండిని తుక్కుకి అప్పగించినట్టు సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ అని ఒకటి ఇస్తారు, అసలు డబ్బు దాన్లోనే ఉందంటారు: కొత్త కారు కొంటే రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, రోడ్ ట్యాక్స్‌లో సొంత బండ్లకి 25 శాతం దాకా రాయితీ అని కేంద్రం రూలు. ట్యాక్స్‌లో 25 శాతం అండీ, కారు ధరలో కాదు, మా బావమరిది మొదట అలాగే అనుకుని ఎగిరాడు. నేను కొన్నది సెకండ్ హ్యాండ్ వ్యాగనార్ కాబట్టి నాకది చిత్తు కాగితం. కొత్తది కొనేవాళ్ళకైతే మాత్రం ఈ లెక్క మారిపోతుంది, నా 9,640 చూసి భయపడక్కర్లేదు. ఊరికి దగ్గర్లో సెంటర్ ఉన్నవాళ్ళకీ, కన్వర్టర్ కడుపులోనే ఉన్న బండికీ కూడా ఇంతకంటే బాగానే రావాలి. ఇచ్చేముందు ఒకసారి కిందకి వంగి పానాతో కొట్టి చూడండి, గంటలా మోగకుండా మొద్దుగా శబ్దమొస్తే ఇటుక లోపలే ఉన్నట్టు, బేరం గట్టిగా ఆడండి.

ఆ సర్టిఫికెట్ వేరేవాళ్ళకి బదిలీ చేయొచ్చు కాబట్టి బావమరిది పేరుకి మారుస్తున్నాం. బరంపురంలో ఆల్టో బుక్ చేశాడు, ఉగాదికి డెలివరీ అంటున్నారు. వాడికి తగ్గిన దాంట్లో సగం నాకివ్వాలని మా ఆవిడ ఎదుటే వాణ్ణి ఒప్పించాను, తీరా ఆ రోజు అక్కా తమ్ముడూ ఒకటైపోతారేమో చూడాలి.