బ్నే అకివానా, బ్నోసా?

యూదు ఆడపిల్లలకు బడి బయట దొరికే చదువులో బ్నే అకివా, బ్నోస్ అనే ఈ రెండు యువ సంఘాలకూ మంచి పేరుంది. బ్నే అకివా 1929లో జెరూసలేంలో మొదలైంది. తోరా (యూదుల పవిత్ర గ్రంథం) చదువూ, ఒళ్లు వంచి చేసే పనీ కలిసి సాగాలన్నది దాని నినాదం. చాలా చోట్ల అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే ఉంటారు. బ్నోస్ మాత్రం అమ్మాయిలదే. 1917లో సారా షెనిరర్ క్రాకోవ్‌లో ప్రారంభించిన బేస్ యాకోవ్ అనే యూదు ఆడపిల్లల బడుల నీడలో పోలండ్‌లో పెరిగింది.

రెండింటిలోనూ సబ్బాతు (యూదుల శనివారపు విశ్రాంతి దినం) మధ్యాహ్నమే సందడి. ఆ రోజు రాయకూడదు, కరెంటు స్విచ్ ముట్టకూడదు. కాబట్టి గుంపును నడిపే పదహారేళ్ల అక్క చిన్నపిల్లల్ని కథతో, పాటతో, ఆటతోనే ఆకట్టుకోవాలి. ఏ టీచర్ ట్రైనింగూ దీనికి సాటిరాదని నా గట్టి నమ్మకం.

ఇజ్రాయెల్‌లోని బ్నే అకివాలో ఏటా ఒక నెలంతా పిల్లలే గోడలకు రంగులేస్తారు, డాన్సులు, నాటికలు సిద్ధం చేస్తారు. చివర్లో పెద్ద బ్యాచ్‌కు కొత్త పేరు ప్రకటిస్తారు. అప్పటిదాకా ఒకటే టెన్షన్! బ్నోస్‌లో ప్రార్థన, మంచి నడవడి, ఆ వారపు తోరా భాగం ముఖ్యం. మగవాళ్ల ముందు పాడకూడదనే సంప్రదాయ కుటుంబాల అమ్మాయికి గొంతు విప్పే చోటు అదే. అలాంటి కట్టుబాటు లేని ఇంట్లో, పెద్ద బాధ్యతలకు ఉబలాటపడే అమ్మాయికైతే నేను బ్నే అకివానే చెబుతాను.