పిల్లల సేఫ్టీ బెల్టు: రెండున్నరేళ్లు వాడాక, హన్మకొండ నుంచి రామప్ప దాకా

మల్లంపల్లి దాటిన కాసేపటికి స్కూటీ వెనక కూర్చున్న మా అబ్బాయిని నాకు కట్టిన బెల్టు పట్టీ నా ఎడమ పక్కటెముకల మీద మెల్లగా బిగుసుకుంది. రామప్ప నుంచి తిరిగొస్తున్నాం. పొద్దుటి నుంచి వెనక నుంచి తెగకుండా వచ్చిన ప్రశ్నలు ఒక్కసారిగా ఆగిపోయాయి. వాడు నిద్రలోకి జారుతున్నాడని, కుడి పక్కకి ఒరుగుతున్నాడని నాకు ఆ పట్టీయే చెప్పింది. వేగం తగ్గించి, రోడ్డు దిగి, చెట్టు కింద స్కూటీ ఆపేసరికి హెల్మెట్‌తో సహా వాడి తల నా మోచేతి దాకా వచ్చింది. ఒళ్లు మాత్రం సీటు మీదే ఉంది. బెల్టు లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

మా అబ్బాయికి ఇంకో రెండు నెలల్లో ఆరేళ్లు నిండుతాయి. ఒకచోట కూర్చోడు. కుక్క కనిపిస్తే కుక్క వైపు, జేసీబీ కనిపిస్తే జేసీబీ వైపు ఒళ్లంతా తిరిగిపోతుంది. అల్లరి కాదది, వాడి కళ్లు ఎటు పోతే ఒళ్లు అటే పోతుంది. మూడున్నరేళ్లప్పుడు ముందు నిలబెట్టుకుని తీసుకెళ్లేదాన్ని. ఒకరోజు హన్మకొండ చౌరస్తాలో చెయ్యి చాపి హ్యాండిల్ పట్టుకుని తిప్పాడు. ఇంటికి రాగానే ఈ బెల్టు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. 749 రూపాయలు.

మా అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు. "పిల్లగాణ్ణి గట్ల కట్టేస్తే ఊపిరాడుతదా? మేం తువ్వాలతోని నడుముకు కట్టుకుని పోలేదా?" అంది. తువ్వాల కట్టడం నేనూ చూశాను. కానీ తువ్వాల ఒక్క నడుము దగ్గరే పడుతుంది, పిల్లవాడి భుజాలు దానికి అందవు. నిద్రపోయే పిల్లవాడు భుజాల నుంచే కదా ఒరిగేది! ఈ బెల్టు వాడికి చేతుల్లేని జాకెట్‌లా ఉంటుంది: రెండు భుజాల మీద పట్టీలు, ఛాతీ దగ్గర క్లిప్పు, లోపల మెత్తని ఫోమ్. అందులోంచి వచ్చే రెండు పెద్ద పట్టీలు నా నడుము చుట్టూ తిరిగి పొట్ట ముందు ఇంకో క్లిప్పుతో కలుస్తాయి. తొడగడానికి మొదట్లో ఐదు నిమిషాలు పట్టేది, ఇప్పుడు నిమిషం చాలు.

కొనేముందు నేను చూసుకున్నది ప్రభుత్వ నియమం. కేంద్రం 2022 ఫిబ్రవరి 15న ఇచ్చిన నోటిఫికేషన్ 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 9 నెలల నుంచి 4 ఏళ్ల లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే ఇలాంటి బెల్టు, హెల్మెట్ రెండూ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. బెల్టు తేలిగ్గా, సర్దుకునేలా, నీటికి తట్టుకునేలా, 30 కిలోల బరువు ఆపేలా ఉండాలని కూడా అందులో ఉంది. నాలుగేళ్లు నిండాక ఈ నియమం వర్తించదు. మా వాడు ఇప్పుడు 18 కిలోలు. నియమం లేకపోయినా వాడి తీరు నాకు తెలుసు కాబట్టి తీసెయ్యలేదు. హెల్మెట్ మాత్రం నాలుగేళ్లు దాటాక కూడా చట్టం ప్రకారం తప్పనిసరే.

ఇంకోటి, మేం ముగ్గురం ఒకే బండి మీద పోము. నడిపేవాళ్లు కాక ఇంకొక్కరికే చట్టం ఒప్పుకుంటుంది. అందుకే మా ఆయన బైకు మీద టిఫిన్ డబ్బా, నీళ్లు, బట్టల సంచీతో వెనక వస్తారు, వాడూ నేనూ స్కూటీ మీద ముందు. ఆయన వెనక ఉండటం వల్ల వాడు ఎటు ఒరుగుతున్నాడో ఆయనకు కనిపిస్తుంది. రెండుసార్లు హారన్ కొడితే నేను ఆపేయాలి, అది మా ఇద్దరి ఒప్పందం.

ఈ బెల్టు గురించి ఎవరూ చెప్పని గుణం ఒకటుంది, నా మట్టుకు అన్నిటికంటే విలువైనది అదే. వాడు వెనక ఏం చేస్తున్నాడో అద్దంలో కనిపించదు. పట్టీ లాగే తీరును బట్టి మాత్రం తెలిసిపోతుంది. గబుక్కున లాగితే ఏదో చూసి తిరిగాడన్నమాట. పైకి లాగితే ఫుట్‌రెస్ట్ మీద లేచి నిలబడుతున్నాడు. మెల్లగా, బరువుగా ఒక పక్కకి పోతే నిద్ర. ఇది పట్టుబడటానికి నాకు నాలుగైదు నెలలు పట్టింది. అప్పటిదాకా ప్రతి కదలికకీ ఉలిక్కిపడి "సక్కగ కూసో!" అని అరిచేదాన్ని. ఇప్పుడు లాగినదాన్ని బట్టి "ఏం కనిపించింది బిడ్డా?" అని అడుగుతాను. సమాధానం చెప్పడంలో పడి వాడే సర్దుకుని కూర్చుంటాడు.

నాలుగేళ్లు నిండిన కొత్తలో ఛాతీ క్లిప్పు తియ్యడం నేర్చుకున్నాడు. వడ్డేపల్లి చెరువు కట్ట దగ్గర ఆగినప్పుడు చూస్తే క్లిప్పు తెరిచి ఉంది. ఎంత దూరం అలా వచ్చామో! కోప్పడితే లాభం లేదు, వాడి వేళ్లకు పని కావాలి. దర్జీ దగ్గరికి తీసుకెళ్లి క్లిప్పు మీద కప్పేలా గుడ్డ పట్టీ కుట్టించాను, వెనక భుజం దగ్గర వెల్‌క్రోతో అతుక్కుంటుంది. వాడి చేతికి పట్టుకోవడానికి నా నడుము పట్టీకి రెండు వైపులా చిన్న గుడ్డ ఉంగరాలు కుట్టించాను. బెల్టుతో పాటు ఇవి రావాల్సింది. చురుకైన పిల్లలున్నవాళ్లు కొన్న రోజే కుట్టించుకోండి.

రామప్ప ప్రయాణం మా పరీక్ష. హన్మకొండ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. నేను 35 దాటించను కాబట్టి పొద్దున 6 గంటలకే బయలుదేరాం. ఆత్మకూరులో ఒకసారి, గట్టమ్మ గుడి దగ్గర ఒకసారి, జంగాలపల్లి క్రాస్ దగ్గర ఒకసారి ఆగాం. ఆగిన ప్రతిసారీ బెల్టు పూర్తిగా విప్పి, వాణ్ణి పది నిమిషాలు పరుగెత్తనిచ్చాను. గట్టమ్మ దగ్గర వచ్చే బండీ పోయే బండీ ఆగి కొబ్బరికాయ కొడుతుంటే వాడు చిప్పలు లెక్కపెట్టాడు. దారిలో ఎడమ వైపు ట్రాక్టర్లు మాత్రమే లెక్కపెట్టాలని పని ఇచ్చాను. కుడి వైపు ఏమీ ఇవ్వను, ఓవర్‌టేక్ చేసే లారీలు అటు నుంచే వస్తాయి, వాడు అటు ఒరగకూడదు. రెండు వైపులా చూడమంటే స్కూటీ ఊగుతుంది, అది అంతకుముందే ఒకసారి చూశాను.

గుడి దగ్గర వాడికి బెల్టూ లేదు, మాటల కళ్లెమూ లేదు. గుడి అడుగున చుట్టూ చెక్కిన ఏనుగుల వరుస వెంట పరుగెత్తి లెక్కపెట్టాడు, మధ్యలో లెక్క తప్పి మళ్లీ మొదటికి వచ్చాడు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అని, 2021లో యునెస్కో జాబితాలో చేరిందని మా ఆయన చెబుతుంటే వాడికి పట్టలేదు. గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లమీద తేలుతాయి అనగానే మాత్రం ఆగిపోయాడు. "గా ఇటుక మీద నేను కూసుంటే తేలుతదా?" అని అడిగాడు. అక్కడి నుంచి రామప్ప చెరువు దాకా అదే ప్రశ్న. అంతసేపు ఒక్క విషయం మీద వాడి మనసు నిలవడం నేను చూడటం అదే మొదలు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇక లోపాలు. ఫోమ్ నల్లటిది, ఏప్రిల్, మే నెలల్లో వీపంతా చెమటకాయలు లేచాయి. లోపల నూలు బనియన్ లేకుండా వేయకండి, పొద్దున పది గంటలు దాటాక అసలు వద్దు. ఎండలో స్కూటీ మీద వదిలేస్తే ప్లాస్టిక్ క్లిప్పు కాలుతుంది. రెండో వేసవిలో నడుము క్లిప్పు పన్ను ఒకటి విరిగింది. అమ్మినవాళ్లకు రాస్తే విడిభాగాలు దొరకవన్నారు. బ్యాగులు బాగుచేసే ఆయన దగ్గర ఇంకా మందంగా ఉన్న క్లిప్పు 60 రూపాయలకు వేయించి, ఇద్దరం చెరో వైపు గట్టిగా లాగి చూశాకే వాడటం మొదలుపెట్టాం. పట్టీలు కూడా పదిహేను కిలోమీటర్లకే కొంచెం వదులవుతాయి. సరైన కొలత దగ్గర ఎర్ర దారంతో గుర్తు కుట్టుకున్నాను, ఆగిన ప్రతిచోటా చూసుకుంటాను. మిగిలిన పట్టీ కొస కిందికి వేలాడితే చక్రంలో పడే ప్రమాదం ఉంది, చుట్టి రబ్బరు బ్యాండు వేయాలి. నా చున్నీకీ అదే జాగ్రత్త: బండి ఎక్కేముందే ముడివేసి బెల్టు కింద దోపుకుంటాను.

చాలామంది అడిగేది, బండి పడితే పిల్లవాడు కూడా మీతో పాటే పడతాడు కదా అని. నిజమే, పడతాడు. ఈ బెల్టు జారిపోకుండా ఆపడానికి, దెబ్బ తగలకుండా ఆపడానికి కాదు. అందుకే వానలో బయలుదేరం, చీకటి పడేలోపు ఇల్లు చేరతాం, హెల్మెట్ గడ్డం పట్టీ పెట్టనిదే తాళం తిప్పను. వాడి పాదాలు ఫుట్‌రెస్ట్‌కు అందడం లేదంటే ఎంత మంచి బెల్టున్నా దూరం పోవద్దు. మా వాడికి నాలుగున్నరేళ్లకు గానీ అందలేదు. అప్పటిదాకా మా తిరుగుడంతా భద్రకాళి బండ్, కోట, వేయిస్తంభాల గుడి వరకే.

భుజం పట్టీలు ఇప్పుడు ఆఖరి కొలతకు వచ్చాయి, ఇంకో ఏడాది కంటే రావు. మళ్లీ కొంటానా అంటే, కొంటాను, క్లిప్పు ముందే మార్పించి. దసరా సెలవుల్లో లక్నవరం పోదామనుకుంటున్నాం. అక్కడి వేలాడే వంతెన ఫోటో చూసినప్పటి నుంచి వాడే బెల్టు తెచ్చి నా ముందు పెడుతున్నాడు.