హైప్రెషర్ గ్యాస్ బట్టీ: కొండ ఊళ్లో యాభై మంది స్వాముల భిక్షకు సరిపోతుందా?

అయ్యప్ప మండల దీక్ష నవంబరు మధ్యలో మొదలై డిసెంబరు ఆఖరు దాకా నడుస్తుంది. లంబసింగి, చింతపల్లి, పాడేరు వైపు చలి ముదిరేదీ అప్పుడే. బయటి ఊళ్ల నుంచి వచ్చే స్వాములకు ఇంటి దగ్గర భిక్ష పెట్టాలనుకునేవాళ్లు ఈ మధ్య గాడిపొయ్యి తవ్వడం మానేసి, కేటరింగ్ వాళ్లు వాడే సింగిల్ బర్నర్ హైప్రెషర్ బట్టీ కొంటున్నారు. మంచి సరుకే. కాకపోతే మైదానంలో పనిచేసినట్టు కొండమీద పనిచేయదు. స్వాములకు పూర్తి భోజనం రోజుకు ఒక్కపూటే, అదీ మధ్యాహ్నం పూజ అయ్యాక. ఒంటిగంటకు అన్నం దిగకపోతే, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసినవాళ్లు అలా ఆకలితో కూర్చుని ఉండాల్సిందే. అందుకే ఈ పొయ్యి మంట ఎంత పెద్దదో చూస్తే చాలదు. ఆ మంట మధ్యాహ్నం దాకా నిలుస్తుందా లేదా అన్నది చూసుకోవాలి.

కొనేటప్పుడు చూడాల్సినవి కొన్నే. యాంగిల్ ఇనుముతో చేసిన ఫ్రేము, పోత ఇనుము బర్నరు, ఇత్తడి జెట్టు (బర్నరులోకి గ్యాసు చిమ్మే సన్న రంధ్రం ముక్క) ఉండాలి. పన్నెండు అంగుళాల ఫ్రేము మీద ముప్పై లీటర్ల గిన్నె దాటితే ఊగుతుంది, యాభై మంది వంటకు పద్దెనిమిది అంగుళాలది తీసుకోండి. నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనుతున్నాయా అని కొట్టులోనే చదును గచ్చు మీద పెట్టి చూడండి. ఒక కాలు లేచి ఉంటే సాంబారు డేగిసా ఎక్కించినప్పుడు ప్రమాదం. బర్నరు కింద గాలి తీసుకునే పళ్లెం స్క్రూ చేత్తో తిరగాలి. అది తుప్పు పట్టి బిగుసుకుంటే మంట పసుపుపచ్చగా వచ్చి గిన్నెలకు మసి పట్టేస్తుంది.

ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరు రెగ్యులేటరుతో ఈ బట్టీ వెలుగుతుంది గానీ మంటకు బలం ఉండదు. ఆ రెగ్యులేటరు ఇచ్చే ఒత్తిడి ఇంటి పొయ్యికి సరిపడేంతే. ఇంటి సిలిండరుకు హైప్రెషర్ రెగ్యులేటరు తగిలించే పని మాత్రం చేయకండి. 19 కిలోల కమర్షియల్ సిలిండరు, దాని వాల్వుకు సరిపోయే రెగ్యులేటరు, ఐఎస్ 9573 ముద్ర ఉన్న రబ్బరు గొట్టం, రెండు చివర్లా స్టీలు క్లిప్పులు, ఇవన్నీ కలిస్తేనే బట్టీ కొన్నట్టు. ఐదు కిలోల చిన్న సిలిండరు మోయడానికి సుఖంగా ఉంటుందని తెచ్చుకునేవాళ్లున్నారు. చలిలో ముందు చేతులెత్తేసేది అదే.

ఎందుకంటే సిలిండరులో గ్యాసు ద్రవంగా ఉంటుంది. అది ఆవిరై బయటికి రావాలంటే వేడి కావాలి, ఆ వేడిని సిలిండరు గోడ నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటుంది. పెద్ద బర్నరు పూర్తిగా తెరిస్తే గంటకు కిలో, కిలోన్నర గ్యాసు తాగుతుంది. ఆరేడు డిగ్రీల చలిలో ఒక్క సిలిండరు అంత వేగంగా ఆవిరిని ఇవ్వలేదు. మొదటి అరగంట మంట హోరున వస్తుంది. తర్వాత సిలిండరు కింది భాగం చెమర్చి, తెల్లగా మంచు పడుతుంది (లోపల ద్రవం ఎంత ఎత్తున ఉందో ఆ మంచు గీతే చెబుతుంది), మంట నీరసిస్తుంది. గ్యాసు అయిపోయిందని సిలిండరు మార్చేస్తారు. నిజానికి అయిపోలేదు, చల్లబడింది. సగం వాడిన సిలిండరుతో ఇబ్బంది ఇంకా ఎక్కువ. మన గ్యాసు ప్రొపేన్, బ్యూటేన్ కలిపిన మిశ్రమం. తేలిగ్గా ఆవిరయ్యే ప్రొపేన్ ముందు వెళ్లిపోతుంది, అడుగున బ్యూటేన్ ఎక్కువ మిగులుతుంది. సున్నా డిగ్రీల దగ్గరికొచ్చేసరికి బ్యూటేన్ ఆవిరి కావడమే దాదాపు ఆగిపోతుంది. కాబట్టి భిక్ష రోజుకు నిండు సిలిండరే పెట్టుకోండి, సగం వాడినది ఎండ ఎక్కాక కాఫీకి పనికొస్తుంది.

మంచు పడితే సిలిండరును తొట్టిలో నిలబెట్టి బావినీళ్లు పోయండి. భూమిలోంచి వచ్చిన ఆ నీళ్లు తెల్లవారుజాము గాలికన్నా వెచ్చగా ఉంటాయి, గంటకోసారి మార్చితే చాలు. మరిగే నీళ్లు పోయడం, పక్కన నెగడు వేయడం, కుదిపి పక్కకు పడుకోబెట్టడం ఎప్పుడూ చేయకూడదు. పడుకోబెట్టిన సిలిండరు నుంచి గొట్టంలోకి ద్రవమే వస్తుంది, బర్నరు దగ్గర మంట మనిషెత్తు లేస్తుంది.

ఇంకో పొరపాటు కొండ ఊళ్లలో తరచూ జరుగుతోంది. గాలికి మంట చెదురుతోందని బట్టీని పాత గాడిపొయ్యి గోతిలో దించుతున్నారు. కట్టెల పొయ్యికి గొయ్యి మేలు, గ్యాసుకు అదే ముప్పు. గ్యాసు గాలికన్నా బరువు. మంట ఆరి వాల్వు తెరిచే ఉంటే గ్యాసు గోతిలో నిలిచిపోతుంది, తర్వాత అగ్గిపుల్ల గీసినవాళ్ల ఒళ్లు కాలుతుంది. బట్టీ మెరక మీదే ఉండాలి. గాలికి మూడువైపులా రేకులు నిలబెట్టండి, బర్నరుకు అడుగు దూరంలో. సిలిండరు మాత్రం రేకుల బయట, రెండు మీటర్ల దూరాన ఉండాలి. మంట ఆరితే ముందు సిలిండరు కట్టేసి, ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు వెలిగించాలి. బిగింపుల దగ్గర లీకు ఉందేమో సబ్బు నురగతో చూడండి.

ఇక వంట. ఒక్కపూట భోజనం కాబట్టి తలకు రెండు వందల గ్రాముల బియ్యం లెక్క, యాభై మందికి పది కిలోలు. పప్పుకు రెండున్నర కిలోల కందిపప్పు, సాంబారుకు మరో కిలో. ఉల్లి, వెల్లుల్లి లేవు కనుక ఇంగువ, అల్లం కాస్త ధారాళంగా పడాలి. సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తున నీళ్లు 97 డిగ్రీల లోపే మరుగుతాయి. మంట ఎంత పెంచినా నీటి వేడి అంతకు మించదు, గ్యాసు వృథా. కందిపప్పు గంటసేపు నానబెట్టి కుక్కర్లో ఉడికించుకుంటే సగం యాతన తప్పుతుంది. చింతపండు పులుసు పప్పు మెత్తబడ్డాకే పోయాలి, ముందు పడితే పప్పు బిరుసెక్కుతుంది.

అన్నం పది కిలోలూ ఒకే వాయిలో దించాలనుకోకండి. ఐదేసి కిలోలు రెండు వాయిలు వండండి. గంజి వార్చే పద్ధతిలో కిలో బియ్యానికి నాలుగైదు లీటర్ల నీళ్లు మరగాలి, అత్తెసరు పెడితే రెండుంబావు చాలు. ఎసరు సగమైతే దాన్ని మరిగించే గ్యాసూ సగమే. అత్తెసరు మీద ఉండే భయమల్లా అడుగంటడం, ఈ బట్టీలో ఆ భయం నిజమే. మంటంతా గిన్నె నడిమధ్యన తగులుతుంది, అంచులు పచ్చిగా ఉండగానే మధ్య మాడుతుంది. ఎసరు ఇంకుతున్నప్పుడు మంట బాగా తగ్గించి, గిన్నె కింద మందపాటి ఇనుప పెనం పెట్టండి. పరమాన్నానికి, పప్పుకు కూడా ఇదే ఉపాయం. పలచటి అల్యూమినియం డేగిసా ఈ బట్టీకి పనికిరాదు.

వరస ఇలా పెట్టుకుంటే చలి దెబ్బ తగలదు: తెల్లవారుజామున తక్కువ మంట చాలే పరమాన్నం, పప్పు, పొద్దెక్కాక సాంబారు, కూర, మంచు విడిపోయి పది దాటాక అన్నం. ఇలా చేస్తే మొత్తం వంటకు మూడు నాలుగు కిలోల గ్యాసు అనుకోవచ్చు. సిలిండరు మీద ఖాళీ బరువు ముద్రించి ఉంటుంది. వంటకు ముందూ తర్వాతా కాటా వేస్తే మీ ఊరి లెక్క మీకే తెలుస్తుంది.

టెంటు హౌసులో అద్దెకు తెచ్చుకోవచ్చు కదా అంటే, తెచ్చుకోవచ్చు. కాని ఆ బట్టీ మీద నిన్న ఏం వండారో తెలియదు. మాంసం నూనె ఫ్రేము సందుల్లో, బర్నరు గాడుల్లో పేరుకుని ఉంటుంది. బర్నరు విప్పి, వేడినీళ్లు, సబ్బు, ఇనుప పీచుతో తోమి, పది నిమిషాలు ఖాళీగా మండించాకే పసుపు, కుంకుమ పెట్టాలి. పైకి పసుపునీళ్లు చల్లి ఊరుకుంటే నిష్ఠతో వచ్చినవాళ్ల పట్ల మనం మర్యాదగా నడుచుకున్నట్టు కాదు. సొంత బట్టీకి ఉన్న అసలు లాభం ఇక్కడే ఉంది. విస్తళ్లకు మాత్రం ఈ ఏజెన్సీ కొండల్లో లోటు లేదు. అడ్డాకు విస్తట్లో వేడన్నం వడ్డిస్తే ఆ వాసనే వేరు.

వంట చేసేది కూడా చాలాసార్లు దీక్షలో ఉన్న స్వాములే. పాలియెస్టర్ నల్ల లుంగీ, భుజాన తువ్వాలు, ఉత్త కాళ్లు. ఈ మంట దగ్గర నూలు పంచె కట్టుకుని, అంచులు బిగించి దోపుకోవాలి. పొంగిన గంజి కాళ్ల కిందికి పారకుండా బట్టీ చుట్టూ తడి గోనెపట్టా పరవాలి.

మా తీర్పు ఇది. రోడ్డు ఉండి, ముప్పై నుంచి అరవై మంది దాకా స్వాములు వచ్చే ఇంటికి ఈ బట్టీ కొనదగ్గదే. నిండు సిలిండరు ముప్పై ఐదు కిలోల పైమాటే. కావడి మీద మోసుకెళ్లాల్సిన ఊరికి మాత్రం గాడిపొయ్యే నయం. రోడ్డున్న ఊళ్లో కూడా రెండు మోపుల ఎండు కట్టెలు, మూడు రాళ్లు సిద్ధంగా పెట్టుకోండి. గ్యాసు మొరాయిస్తే రెండో వాయి అన్నం వాటి మీదికి మారిపోవాలి.

ఆర్పేటప్పుడు సిలిండరు వాల్వు ముందు కట్టి, గొట్టంలో మిగిలిన గ్యాసు మండిపోయాక బర్నరు మర తిప్పండి. చల్లారాక బర్నరు రంధ్రాల్లో ఎండిన గంజిని సన్నటి తీగతో తీసి, జెట్టు విప్పి నూనె గుడ్డలో చుట్టి దాచండి. లేదంటే కొండ తేమకు, మళ్లీ ఏడాది వరకూ వాడకపోవడంతో అది పచ్చగా చిలుము పట్టి మూసుకుపోతుంది.