హైదరాబాద్ నుంచి విశాఖకు: టికెట్టు మీది సమయం, దారిలో పట్టిన సమయం

మోకాళ్ల నొప్పులున్న మా అమ్మను వెంటబెట్టుకుని తార్నాక నుంచి విశాఖపట్నానికి విమానంలో వెళ్లి, తిరుగు ప్రయాణం వందే భారత్ రైలులో చేశాను. రెండుసార్లూ గడప దాటినప్పటి నుంచి గమ్యం చేరేదాకా పట్టిన సమయాన్ని రాసుకున్నాను.

ఈ రెండు నగరాల మధ్య ఆకాశమార్గం సుమారు 510 కిలోమీటర్లు. రైలు మాత్రం వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడ దాకా దిగి, అక్కడి నుంచి రాజమహేంద్రవరం, సామర్లకోట మీదుగా మళ్లీ ఈశాన్యానికి ఎక్కాలి కాబట్టి దాని దారి దాదాపు 700 కిలోమీటర్లు అవుతుంది. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి ఆ 510 కిలోమీటర్లు నలభై నిమిషాల పని. అయినా మా టికెట్టుపై గంటా పావు అని ఉంది. విమానం నిలిచిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు అవతల ఆగేదాకా లెక్కించే సమయం అది. రన్‌వే దాకా నెమ్మదిగా సాగడం, పైకి ఎక్కడం, వేగం తగ్గించుకుంటూ దిగడం అన్నీ అందులోనే వస్తాయి. ఇంత చిన్న దూరంలో విమానం పూర్తి వేగంతో ఎగిరేది కొద్దిసేపే.

తొమ్మిది గంటల విమానానికి ఆరింటికే బయలుదేరాం. శంషాబాద్‌కు మెట్రో లేదు కనుక కారు మాట్లాడుకున్నాం. ఒంటరిగా వెళ్లేవారికి తార్నాక మీదుగా విమానాశ్రయానికి పోయే పుష్పక్ బస్సు చాలు. చక్రాల కుర్చీ కావాలని టికెట్టు కొన్నప్పుడే చెప్పి ఉంచడం మేలైంది, సహాయకుడు అమ్మను తనిఖీ దాటించి గేటు దాకా తీసుకువెళ్లాడు. విశాఖలో దిగి, సామాను తీసుకుని, ఆర్‌కే బీచ్ దగ్గరి హోటల్ గదికి చేరేసరికి పదకొండుంబావు, అంటే మొత్తం ఐదుంబావు గంటలు. విమానాశ్రయం నుంచి పావుగంటేనని హోటల్‌వారు ఫోన్‌లో చెప్పిన దారికి నలభై నిమిషాలు పట్టడం నాకు కష్టం కలిగించింది, పెద్దవారు వెంట ఉన్నారని చెప్పి మరీ అడిగాను గనుక. గది మాత్రం శుభ్రంగా ఉంది, కిటికీలోంచి సముద్రం కనిపించేది.

తిరుగు రైలు తెల్లవారకముందే కాబట్టి ఆఖరి రాత్రి స్టేషన్ దగ్గరి లాడ్జికి మారాం. గది ఇరుకు, రాత్రంతా ఆటోల మోత. అయినా పది నిమిషాల్లో రైలెక్కగలిగాం. ఎనిమిదిన్నర గంటల ప్రయాణంలో అమ్మ కావలసినప్పుడల్లా లేచి నాలుగడుగులు వేసింది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి రాగానే కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల తీసింది, కానీ ఆ కిటికీలు తెరుచుకోవు. బిళ్లను అద్దానికి ఆనించి, వంతెన దాటేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది. వెళ్లేటప్పుడు విమానంలోంచి కొండల నడుమ మెలికలు తిరుగుతూ కనిపించినదీ ఈ నదేనని చెబితే నమ్మలేదు.

లాడ్జి నుంచి ఇంటికి తొమ్మిదింబావు గంటలు పట్టింది. విమానం మిగిల్చింది నాలుగు గంటలు. వెళ్లిన రోజే పని ఉన్నవారికి ఆ నాలుగు గంటలు విలువైనవే. రైలు దిగే సికింద్రాబాద్ వైపు ఉండి, పెద్దవారితో వెళ్లేవారికి మాత్రం నేను రైలే చెబుతాను. విమానాల రాకపోకలు భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి మారితే అది నగరానికి ఇంకా దూరం కాబట్టి, బీచ్ వైపు బస చేసేవారు దారికి మరో అరగంటైనా కలుపుకోవాలి.