నెదర్లాండ్స్‌లో యాక్సిడెంట్ తర్వాత పీటీఎస్‌డీ: ఇప్పుడే సెటిల్ చేసుకోవడమా, ఆగడమా? ఏది మేలు?

సైకిల్ మీద వెళ్తుంటే కారు గుద్దింది, ఎముకలేమీ విరగలేదు అనుకుందాం. కొన్నాళ్లకి కారు వాళ్ల ఇన్సూరెన్స్ నుంచి ఫోన్ వస్తుంది, ఇంత ఇస్తాం, సంతకం పెడితే అయిపోతుంది అని. మీకేమో నెల దాటినా సరిగ్గా నిద్ర లేదు, రోడ్డు దాటాలంటే టెన్షన్, ఆ చప్పుడు చెవుల్లోంచి పోవడం లేదు. ఐండ్‌హోవెన్‌లోనో ఆమ్‌స్టెల్‌వేన్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్లకి పరాయి దేశంలో ఈ గొడవలెందుకులే అనిపించడం సహజమే. కానీ పీటీఎస్‌డీ, అంటే ఇలాంటి ఘటన తర్వాత మనసుకి తగిలి త్వరగా మానని గాయం, ఉన్నప్పుడు ఆ సంతకం తొందరపడి పెట్టొద్దని గట్టిగా చెబుతాను.

మన దగ్గరిలా ఇక్కడ మోటార్ యాక్సిడెంట్ ట్రిబ్యునల్ ఏమీ లేదు. అవతలి కారు ఇన్సూరెన్స్‌నే నేరుగా అడిగే హక్కు చట్టం ఇచ్చింది, ఎక్కువ కేసులు కోర్టు దాకా వెళ్లకుండా ఉత్తరాల మీదే తేలిపోతాయి. పైగా నడిచేవాళ్లనీ సైకిల్ వాళ్లనీ మోటారు వాహనం గుద్దితే రోడ్డు ట్రాఫిక్ చట్టం 185వ సెక్షన్ బాధితుడి పక్షమే ఉంటుంది: 14 ఏళ్ల లోపు పిల్లలకి నష్టం మొత్తం, అంతకంటే పెద్దవాళ్లకి వాళ్ల తప్పు కొంత ఉన్నా కనీసం సగం కట్టాల్సిందే. బాధితుడే కావాలని చేసినా, దాదాపు అంత తెగింపుతో ప్రవర్తించినా తప్ప.

మొదటి దారి, ఒకేసారి తీసుకుని ముగించడం. దీనిలో సుఖం ఉంది, డబ్బు త్వరగా వస్తుంది, ఆ రోజు ఏం జరిగిందో పదేపదే చెప్పే బాధ తప్పుతుంది. నష్టం ఏమిటంటే ఆ ఒప్పందంలో ఇక ఏ బాకీ లేదని రాసి ఉంటుంది, రెండేళ్ల తర్వాత ఉద్యోగం చేయలేని పరిస్థితి వచ్చినా మళ్లీ తెరవడం చాలా కష్టం. ఫలానా జబ్బు ముదిరితే మళ్లీ మాట్లాడతాం అనే షరతు రాయించుకోవచ్చు గానీ మీరు అడగకపోతే దాన్ని వాళ్లంతట వాళ్లు రాయరు. విరిగిన చెయ్యి ఎప్పటికి అతుకుతుందో డాక్టర్ చెప్పగలడు, పీటీఎస్‌డీ విషయంలో మొదటి నెలల్లో ఎవరూ చెప్పలేరు. అసలు యాక్సిడెంట్ అయిన నెలలోపు ఆ రోగనిర్ధారణే చేయరు.

రెండో దారి, ఫైలు తెరిచి ఉంచి, వైద్యం చేయించుకుంటూ, మధ్యమధ్యలో అడ్వాన్సులు తీసుకోవడం. అడ్వాన్స్‌ని ఇక్కడ వోర్‌స్హోట్ అంటారు, అడగడానికి మొహమాటపడక్కర్లేదు. హెల్త్ ఇన్సూరెన్స్‌లో మీ జేబు నుంచి పోయిన 385 యూరోల దాకా మొత్తం, థెరపీకి వెళ్లొచ్చే చార్జీలు, ఇంటి పనికి పెట్టుకున్న సాయం, జీతంలో కోత, ఇవన్నీ అందులోకి వస్తాయి. జబ్బు చేసి ఇంట్లో ఉంటే యజమాని రెండేళ్ల దాకా కనీసం 70 శాతం జీతం ఇవ్వాలి, ఆ మిగతా లోటు కారు ఇన్సూరెన్స్‌ని అడగాలి. స్మార్టెన్‌గెల్డ్, అంటే పడ్డ వేదనకి ఇచ్చే పరిహారం, దీనికి అదనం. నెదర్లాండ్స్‌లో ఆ మొత్తాలు అమెరికా వార్తల్లో చదివినట్టు ఉండవు, పీటీఎస్‌డీ కేసుల్లో జీతం నష్టమే తరచు పెద్ద అంకె అవుతుంది, అందుకే ముందే ముగించడం ఇంత ఖరీదైన పని.

లాయరు ఫీజు భయం కూడా చాలావరకు అక్కర్లేనిదే. ఇన్సూరెన్స్ బాధ్యత ఒప్పుకుంటే సమంజసమైన ఖర్చు వాళ్లే కడతారు, సివిల్ కోడ్ 6:96లో ఉన్నదే ఇది. మీ తప్పు సగం అని తేలితే మాత్రం ఆ ఖర్చులోనూ కోత పడొచ్చు, ముందే అడిగి తెలుసుకోండి. పరిహారంలో వాటా అడిగే ఏజెన్సీలూ ఉన్నాయి. బాధ్యత స్పష్టంగా ఉన్న కేసులో వాటా ఇచ్చుకోవడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. ముందు బాధితులకి సాయం చేసే సంస్థ స్లాహ్టోఫర్‌హుల్ప్ వాళ్లతో మాట్లాడండి, ఉచితమే.

ఈ రెండో దారి నిలబడేది కాగితాల మీదే. భయం వేసింది, బాధ కలిగింది అంటే చాలదు, మానసిక గాయం ఉందని నిపుణుల ఆధారాలతో చూపాలని ఇక్కడి సుప్రీంకోర్టు 2019లోనూ చెప్పింది. కాబట్టి నిద్ర పట్టడం లేదన్న సంగతి మొదటి వారాల్లోనే హౌస్‌ఆర్ట్స్‌కి, అంటే మీ ఫ్యామిలీ డాక్టర్‌కి, చెప్పి ఫైలులో రాయించాలి, సైకాలజిస్ట్ దగ్గరికి రెఫరల్ తీసుకోవాలి. పీటీఎస్‌డీకి ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకం తీవ్రత తగ్గించే) థెరపీ బేసిక్ హెల్త్ ఇన్సూరెన్స్‌లోనే వస్తుంది. మనవాళ్లు పరువు పోతుందని దీన్ని దాచడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ మౌనమే తర్వాత ఇన్సూరెన్స్ చేతికి వాదనగా దొరుకుతుంది. పాతరోజుల్లో డిప్రెషన్ ఉండేదని చెప్పడానికీ జంకొద్దు. బాధితుడి మనసు ముందే సున్నితమైనదైనా గుద్దినవాడి బాధ్యత పోదు అన్నది 1985 నుంచి ఉన్న తీర్పే, అది భవిష్యత్తు నష్టం లెక్కని కొంత తగ్గించవచ్చు, అంతే. స్వతంత్ర సైకియాట్రిస్ట్ చేత పరీక్ష చేయించుకోమంటే రిపోర్టు ముందు మీరే చదివి, కావాలంటే ఆపే హక్కు మామూలుగా మీకుంటుంది. ఆపితే అది కోర్టులో మీకు వ్యతిరేకంగా కనిపించే ప్రమాదమూ ఉంది.

మూడోది క్రిమినల్ కేసు. డ్రైవర్ మీద ప్రాసిక్యూషన్ నడిస్తే అందులోనే పరిహారం అడగొచ్చు, కోర్టు ఫీజు లేదు. కానీ లెక్క జటిలమైతే జడ్జి ఆ భాగాన్ని సివిల్ కోర్టుకి వదిలేస్తాడు, పీటీఎస్‌డీలో జీతం నష్టం సరిగ్గా అలాంటిదే. స్మార్టెన్‌గెల్డ్ వరకు అడగడానికి బాగుంటుంది, మొత్తం దాని మీదే వదిలేయకండి. ఇక బేరం ఒకే ఒక్క పాయింట్ దగ్గర ఆగిపోతే డేల్‌హెస్హిల్ అని 2010 నుంచి ఒక చిన్న కోర్టు విధానం ఉంది, ఆ ఒక్క ప్రశ్నే జడ్జి తేలుస్తాడు, ఆ తర్వాత మళ్లీ మాట్లాడుకోవచ్చు. పూర్తి దావా కంటే నాకు ఇదే మేలనిపిస్తుంది.

గుద్దింది మిమ్మల్ని కాక మీ కళ్లముందు మీ బిడ్డనైతే, అది చూసి మీ మనసుకి తగిలిన గాయానికి పరిహారం అడిగే వేరే హక్కు ఉంది. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన, టాక్సీబస్ అని పేరుపడ్డ తీర్పుతో మొదలై 2022లో ఆ పరిధిని సుప్రీంకోర్టు ఇంకొంచెం పెంచింది.

గడువులు రెండు, వేర్వేరు. ఇన్సూరెన్స్ మీద నేరుగా అడిగే హక్కుకి యాక్సిడెంట్ రోజు నుంచి మూడేళ్లు, డ్రైవర్ మీద అయితే నష్టమూ బాధ్యుడూ తెలిసిన మర్నాటి నుంచి ఐదేళ్లు. ఇన్సూరెన్స్‌తో చర్చలు నడుస్తున్నంత కాలం మూడేళ్ల గడువు ఆగుతుంది, రిజిస్టర్డ్ ఉత్తరంతో చర్చలు తెంచేస్తే మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి, అలాంటి ఉత్తరం వస్తే ఆ తేదీ రాసిపెట్టుకోండి. కాంట్రాక్టు అయిపోయి హైదరాబాద్ తిరిగి వెళ్లినా హక్కు పోదు, అక్కడి సైకియాట్రిస్ట్ రిపోర్టులూ ఫైలుకి పంపవచ్చు. థెరపీ పూర్తయి, ఇక ఇంతే అని డాక్టర్ చెప్పాక, లేదా లక్షణాలు తగ్గి నెలల తరబడి మామూలుగా పని చేసుకుంటున్నాక, అప్పుడు ఒకేసారి ఇచ్చే మొత్తం తీసుకుని సంతకం పెట్టడంలో తప్పేమీ లేదు.